ఎల్లేశం క్యాప్ మాత్రం ఊడలేదు

మాదాపూర్, హైదరాబాదు
11 జూలై 1999

సంయుక్తా,

నాకు ఉద్యోగం దొరికి నెల దాటింది. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఎస్టీడీ బూత్‌లో వెనక నిలబడ్డ మనిషి వింటుంటే నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం.

డాక్టర్ యజ్ఞనారాయణగారి పళ్ళ క్లినిక్. కిటికీలోంచి చూస్తే ఒక పక్క సైబర్ టవర్స్, ఇంకో పక్క బండరాళ్ళు, వాటి మీద మేకలు. ఆయనకి గుంటూరులో పెద్ద ప్రాక్టీసు ఉండేదట. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి జీతం ఎక్కువ, నిద్ర తక్కువ, పళ్ళు పాడవక తప్పదని ఆలోచించి కిందటేడు ఇక్కడికి వచ్చేశారు. ఆలోచన తప్పలేదు. రెండువేల సంవత్సరం బగ్గు భయానికి ఈ చుట్టుపక్కలంతా నిద్రలో పళ్ళు నూరుతోంది.

క్లినిక్‌లో మేం నలుగురం. డాక్టరుగారు. రిసెప్షన్‌లో ఆయన భార్య పుణ్యవతిగారు. ఆయన మేనల్లుడు తేజ. నాలాగే ఈమధ్యే బీడీఎస్ అయింది, మోటారుసైకిలూ ఆత్మవిశ్వాసమూ ఉన్నాయి. నాలుగోదాన్ని నేను. పుణ్యవతిగారు రోజూ మధ్యాహ్నం నాకు అన్నం పెడతారు. "హాస్టల్ సాంబారు తాగి పళ్ళ డాక్టరువి నువ్వే రాలిపోతే, మన దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అంటారు. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేది ఆవిడొక్కరే. మిగతావాళ్ళకి నేను జూనియర్ని.

ఇక అసలు సంగతి. నేను పెట్టిన క్యాప్‌లు ఊడిపోతున్నాయి.

డాక్టరుగారు పేషంట్లకి ఇలా చెప్తారు: "పన్ను చుట్టూ అరగదీస్తాం. పైన టోపీ తొడుగుతాం. సిమెంటుతో అతికిస్తాం. ఇక మీరూ అదీ కలిసే కాటికి." నావి కాటిదాకా కాదు కదా, మెహదీపట్నం దాకా కూడా వెళ్ళట్లేదు. నిన్న ఒకాయన తన క్యాప్‌ని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చాడు. మొన్న ఒకావిడకి పూతరేకులో దొరికిందట. కొత్త రకం జీడిపప్పనుకుని చాలాసేపు నమిలిందట.

డాక్టరుగారివీ ఊడతాయి. ఆయనవి ఊడితే పేషంటు ఏదో గట్టిది తిన్నట్టు. నావి ఊడితే నాకు పని రానట్టు. గుంటూరులో కూడా ఊడేవట. "అక్కడి కారానికి ఏ సిమెంటూ ఆగదు" అంటారు.

నువ్వక్కడ ఎమ్‌డీఎస్ చేస్తున్నది క్యాప్‌ల మీదే కదా. ఏం చెయ్యాలో చెప్పు.

రసజ్ఞ


మంగళూరు
24 జూలై

ఒసే రసజ్ఞా,

కారానికి సిమెంటు ఆగదా! ఆ మహానుభావుడి ఫొటో ఒకటి పంపు, మా డిపార్టుమెంటులో గోడకి తగిలించి దండ వేస్తాం.

నా థీసిస్ ఏమిటో తెలుసా? పీకిన పళ్ళకి క్యాప్‌లు అతికించడం, మెషీనుకి బిగించడం, ఊడేదాకా లాగడం. ఎంత బలానికి ఊడిందో రాసుకుని, మళ్ళీ అతికించడం, మళ్ళీ లాగడం. మా అమ్మ పక్కింటివాళ్ళకి "మా అమ్మాయి పరిశోధన చేస్తోంది" అని చెప్తోంది. దేని మీద అని అడిగితే కాఫీ ఇచ్చి మాట మారుస్తోంది.

నీ రోగం నాకు ఇక్కడికే కనిపిస్తోంది. నువ్వు పన్నుని ఐస్‌క్రీమ్ కోన్‌లా గీస్తున్నావు. గోడలు నిటారుగా ఉండాలే! ఇంట్లో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి చూడు, వేడినీళ్ళు పోసినా రావు, మీ నాన్న వచ్చి లాగినా రావు. క్యాప్ అలా ఇరుక్కోవాలి. కోన్ మీద పెట్టింది కోన్ మీదనుంచి జారిపోక ఏం చేస్తుంది? పన్ను పొట్టిదైతే పక్కన చిన్న గాడి కొయ్యి, పట్టు దొరుకుతుంది.

ఇక సిమెంటు. పొడి అంతా ఒకేసారి గుమ్మరించకు, అది ఉప్మా కాదు. చల్లటి గాజుపలక మీద కొంచెం కొంచెంగా కలుపు. పలక మీద చెమ్మ ఉండకూడదు. పన్నుకి ఉమ్మి తగలకూడదు. క్యాప్ కూర్చున్నాక గట్టిపడేదాకా వేలు తీయకు. నీకెలాగూ మాట్లాడే పని ఉండదు, వేలు పెట్టుకుని నిలబడు.

గురుదక్షిణగా పీకిన పళ్ళు పంపు. ఇక్కడ పీజీలందరం పళ్ళ కోసం కొట్టుకుంటున్నాం. నిన్న ఒక దవడ పన్ను కోసం ఇద్దరు బంగారంలాంటి స్నేహితులు విడిపోయారు. అందులో ఒకదాన్ని నేనే.

సంయుక్త


మాదాపూర్
22 ఆగస్టు

సంయుక్తా,

పళ్ళు పంపాను. హార్లిక్స్ సీసాలో, ఫార్మలిన్ పోసి. పోస్టాఫీసులో "లోపల ఏముందమ్మా?" అన్నారు. నిజం చెప్పాను. నా వెనక క్యూ ఖాళీ అయింది.

గోడలు నిటారుగా గీస్తున్నాను. డాక్టరుగారు చూసి "పన్నా, లేపాక్షి స్తంభమా?" అన్నారు. సిమెంటు నువ్వు చెప్పినట్టే కలుపుతున్నాను. ఇదివరకు వారానికే వచ్చేసేవి ఇప్పుడు మూడు వారాలు ఆగుతున్నాయి. ఆగి, ఊడుతున్నాయి.

ఒకటి చాలా చెడ్డచోట ఊడింది.

ఎదురు కంపెనీలో వెంకట్ అని అడ్మిన్ మేనేజరు ఉన్నాడు. వాళ్ళ కొత్త భవనంలో ఉద్యోగుల కోసం పళ్ళ క్లినిక్ పెట్టడానికి డాక్టరుగారికి ఒక గది ఇస్తున్నారు. ఒక కుర్చీ, ఒక డాక్టరు. ఆ డాక్టరువి నువ్వేనని డాక్టరుగారు నాకు జూన్‌లోనే మాటిచ్చారు. నీకు చెప్పలేదు. అయ్యాక చెబుదామనుకున్నాను. సంయుక్తా, నా సొంత కుర్చీ. వెనక నిలబడి "ఇంతసేపా?" అనే మనిషి ఉండడు.

వెంకట్ ముందుపన్నుకి క్యాప్ పెట్టింది నేను. సోమవారం విదేశీ అతిథులు వచ్చారట. వెంకట్ లేచి "ఫ్రెండ్స్" అన్నాడట. ఆ మాటలో మొదటి అక్షరంతో పాటే క్యాప్ బయటికొచ్చి పెద్ద అతిథి కాఫీలో పడింది. ఆయన మర్యాదస్తుడు. స్పూనుతో తీసి, టిష్యూలో తుడిచి, చేతికిచ్చాడట.

డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. "ఇంకొక్కటి ఊడిందా, ఆ కుర్చీ తేజది. నువ్విక్కడ పళ్ళు క్లీన్ చేసుకుంటూ ఉండు." ఆ రోజు పుణ్యవతిగారు గుత్తివంకాయ కూర వేసి "తినమ్మా, మగాళ్ళ కేకలు అన్నం మీద పడనీయకు" అన్నారు.

ఒక వింత చెప్పాలి. నానక్‌రామ్‌గూడ నుంచి ఎల్లేశంగారని ఒక పెద్దాయన వస్తారు. పొలం అమ్మి, ముందుగా బంగారం క్యాప్ చేయించుకున్నారు. "బంగారం నాది. కరిగిచ్చేటప్పుడు నేను ఆడ్నే కూసుంట. అయినంక నేనే తెస్త" అన్నారు. "మా మీద నమ్మకం లేదా?" అన్నారు డాక్టరుగారు. "మీ మీదనే గాదు సారూ, ఎవ్వల మీద లేదు" అన్నారు. నారాయణగూడ ల్యాబులో పొద్దంతా కూర్చుని, క్యాప్‌ని చొక్కా జేబులో వేసుకుని, షేర్ ఆటోలో తెచ్చారు. కుర్చీలో వెనక్కి వాలాక గానీ నా చేతికివ్వలేదు.

అది జూలై మొదట్లో. నేనింకా కోన్‌లు గీస్తున్న రోజులు. అది మాత్రం ఊడలేదు. ఆయన మటన్ బొక్కలు కొరికి మరీ పరీక్షిస్తున్నారు. అటుగా వెళ్తే ఆటో ఆపించి, లోపలికి తల పెట్టి "ఊడలే, డాక్టరమ్మా" అని చెప్పి వెళ్తారు. మిగతా పేషంట్ల ముందు.

రసజ్ఞ


మంగళూరు
9 సెప్టెంబరు

రసజ్ఞా,

నీ హార్లిక్స్ సీసాని మా వార్డెన్ తెరిచింది. ఆ రోజు నుంచి నా గదిలోకి ఎవరూ రావట్లేదు. ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ చదువుకోలేదు. ఇంకో సీసా పంపు.

కుర్చీ సంగతి దాచినందుకు తర్వాత తిడతాను.

ఇప్పుడు ఆ పెద్దాయన క్యాప్ గురించి. బంగారం కాబట్టి ఆగింది అనకు, బంగారానికేం జిగురుండదు. నీ పనితనం అనకు, కోన్ గీశానని నువ్వే ఒప్పుకున్నావు. మరి తేడా ఏమిటి? ఆయన క్యాప్ ల్యాబు నుంచి నేరుగా నోటికి వచ్చింది. మిగతావి ల్యాబు నుంచి మీ క్లినిక్‌కి వచ్చి, అక్కడ పడుకుని, తర్వాత నోటికి వస్తున్నాయి. ఆ పడుకున్నచోట ఏదో జరుగుతోందే.

నా అనుమానం జిడ్డు. లోపల జిడ్డుంటే సిమెంటు లోహాన్ని పట్టుకోదు. కంప్రెసరు నూనె కక్కుతోందేమో, అద్దం మీదికి గాలి కొట్టి చూడు. అతికించే ముందు లోపల స్పిరిట్‌తో తుడుస్తున్నావా లేదా? తుడుస్తున్నాననే చెప్పు, లేదంటే నిన్ను మెషీనుకి బిగిస్తాను. ఆ క్యాప్‌లని ఎవరు ముట్టుకుంటున్నారు? తేజగాడు మిరపకాయ బజ్జీలు తిని ముట్టుకుంటున్నాడా? లోపల రంగేమైనా కనిపిస్తుందా? కళ్ళజోడు తుడుచుకుని చూడు.

సంయుక్త


మాదాపూర్
20 సెప్టెంబరు

సంయుక్తా,

కంప్రెసరు మంచిదే. అద్దం మీద చుక్క లేదు.

స్పిరిట్‌తో తుడవలేదు. "ల్యాబువాళ్ళు కడిగే పంపుతారు, స్పిరిట్ దండగ" అని డాక్టరుగారి పద్ధతి. పొడి దూదితో ఒకసారి తిప్పి పెట్టేదాన్ని.

క్యాప్‌ల లోపల మొదటినుంచీ కొంచెం ఎర్రగా ఉండేది. ల్యాబులో మెరుగుపెట్టే ఎర్రపొడి అనుకున్నాను. కాదు.

ఏమిటో తెలిసింది. ఎవరో కూడా తెలిసింది. రాయలేను. నువ్వు నవ్వుతావు.

నాకొక పని చేసిపెట్టు. కొన్ని క్యాప్‌ల లోపల ఆవునెయ్యి రాసి, మెత్తటి బట్టతో తుడిచేసి, అప్పుడు సిమెంటుతో అతికించి లాగు. ఏమైందో చెప్పు.

రసజ్ఞ


మంగళూరు
6 అక్టోబరు

రసజ్ఞా,

నెయ్యి మెస్సులోంచి దొంగిలించాను. మా గైడు ల్యాబులోకి వచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ మైసూర్‌పాక్ ఎవరు చేస్తున్నారు?" అన్నారు.

శుభ్రంగా అతికించినవి మెషీను మూలిగేదాకా ఆగాయి. నేతివా? అసలు మెషీనే అక్కర్లేదు. ఒకటి బిగిస్తుండగానే నా ఒళ్ళో పడింది. ఇంకోటి నేను తుమ్మితే వచ్చింది. బట్టతో ఎంత తుడిచినా జిడ్డు పొర ఉండిపోతుందే. అన్నం తిన్న కంచం ఉత్త నీళ్ళతో కడిగి తుడిస్తే పోతుందా?

ఇప్పుడు చెప్పు, ఎవరు? నెయ్యి. ఎర్రగా. బట్టతో తుడవడం.

ఆగు. ఎరుపు కుంకుమా? కుంకుమలో నెయ్యి కలిపి... రసజ్ఞా! పుణ్యవతిగారా? నీకు గుత్తివంకాయ పెట్టే చేయే నీ క్యాప్‌లకి బొట్లు పెడుతోందా?

నేను నవ్వట్లేదు. అంటే, ఇప్పుడు ఆపాను.

సంయుక్త


మాదాపూర్
27 అక్టోబరు

సంయుక్తా,

ఆవిడే.

సెప్టెంబరులో ఒకరోజు నేను తొందరగా వెళ్ళాను. వెనక గదిలో దేవుడి పటాల ముందు తమలపాకు, దాని మీద ల్యాబు నుంచి వచ్చిన క్యాప్‌లు వరసగా. దీపం కుందిలో మిగిలిన నెయ్యి కుంకుమలో కలిపి, ఉంగరపు వేలితో ఒక్కోదాని లోపల బొట్టు పెడుతున్నారు. పెట్టి, కాసేపాగి, కొంగుతో తుడుస్తున్నారు. నన్ను చూసి నవ్వారు.

"బయట పెడితే పేషంటుకి కనబడుతుంది కదమ్మా. లోపలైతే దేవుడికి తెలుస్తుంది, చాలు. కొత్త స్కూటరుకి పెడతాం, కొత్త కంప్యూటరుకి పెడతాం. మనిషి ఒంట్లోకి వెళ్ళే వస్తువుని బోసి మొహంతో పంపుతామా?"

ఏం చెప్పను? అదే చేత్తో నా అన్నం గిన్నె సర్ది మూత పెట్టారు.

చెప్పలేదు. ఆ రోజు నుంచి క్యాప్‌లని ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళి స్పిరిట్‌తో తుడుస్తున్నాను. నావే కాదు, డాక్టరుగారివి, తేజవి కూడా. ఊడటం ఆగిపోయింది. వెంకట్‌కి మళ్ళీ పెట్టాను. అతనిప్పుడు ధైర్యంగా "ఫ్రెండ్స్" అంటున్నాడట. మొదట్లో అతిథులే కప్పు మీద చెయ్యి పెట్టుకునేవాళ్ళట.

కానీ జరిగింది ఇది. నేను తుడవడం మొదలుపెట్టిన మూడు వారాలకి నవరాత్రులు వచ్చాయి. పుణ్యవతిగారు పూజ ఘనంగా చేశారు. ఆయుధపూజకి డ్రిల్లులకి పూలు చుట్టి, పేషంటు కుర్చీ ముందు గుమ్మడికాయ కొట్టారు. డాక్టరుగారు ఈ నెలంతా ఒక్క క్యాప్ ఊడలేదని గమనించారు. "చూశావా, అమ్మవారి దయ! ఇక ఎవరు పెట్టినా ఆగుతాయి" అన్నారు. ఎవరు పెట్టినా ఆగితే నేనే ఎందుకు? కొత్త కుర్చీ తేజకిద్దామని ఆలోచిస్తున్నారు. డిసెంబరులో గది తెరుస్తారు. పుణ్యవతిగారు సంతోషం కొద్దీ నెయ్యి పెంచారు. నా స్పిరిట్ ఖర్చు పెరిగింది.

నువ్వు అడగబోయేది తెలుసు. చెప్పలేను. నా నోట్లోంచి మాట రావడం కన్నా పన్ను రావడం తేలిక.

ఇంకొకటి. పుణ్యవతిగారికి దవడ పన్ను విరిగింది. డాక్టరుగారి దగ్గర కూర్చోనంటే కూర్చోనన్నారు. "పెళ్ళైనప్పటి నుంచి నా నోరు మూయించాలని చూస్తున్న మనిషికి నోరప్పగిస్తానా?" నన్నే చెయ్యమన్నారు. రూట్ కెనాల్ మొదలుపెట్టాను. అయ్యాక పన్ను గీసి క్యాప్ చేయించాలి.

రసజ్ఞ


మంగళూరు
8 నవంబరు

రసజ్ఞా,

దొంగచాటుగా తప్పుడు పని చేసేవాళ్ళని చూశాను. దొంగచాటుగా మంచి పని చేసి, దాని పేరు గుమ్మడికాయకి ఇచ్చేసినదాన్ని నిన్నే చూస్తున్నాను.

స్కూల్లో నువ్వు స్టేజీ ఎక్కి పద్యం మర్చిపోయావని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు, నీకు మొత్తం గుర్తుంది. చెప్పలేదంతే. సిస్టర్ ఫిలొమినా గేటు దగ్గర తడిగుడ్డతో మన బొట్లు తుడిచేటప్పుడు నేను గోల చేసేదాన్ని, నువ్వు నుదురు ముందుకి వంచి ఇచ్చేదానివి. ఇప్పుడు నువ్వే ఎక్స్‌రే గదిలో తలుపేసుకుని బొట్లు తుడుస్తున్నావు. గుడ్డ చేతులు మారింది, నోరు మాత్రం అలాగే ఉంది.

ఆవిడ మనసు నొచ్చుకుంటుందని కదా నీ బాధ? సరే. నీకు జలుబు చేస్తే ఎవరు తుడుస్తారు? కొత్త గదిలో తేజ కూర్చుంటే ఎవరు తుడుస్తారు? నేతి క్యాప్ కాఫీలో పడితే జోకు. పడుకున్న మనిషి గొంతులోకి జారితే?

కుర్చీ పోతే పోయింది, అది నీ ఇష్టం. కానీ ఈ మాట చెప్పకుండా ఉండటం నీ ఇష్టం కాదే. నోరు తెరు. అందరినీ రోజుకి ఇరవైసార్లు ఆ మాటే అంటావుగా.

సంయుక్త


మాదాపూర్
5 డిసెంబరు

సంయుక్తా,

నువ్వు రాసినట్టే అయింది. నాకు జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్ళలేదు.

ఎల్లేశంగారు తన క్యాప్ చూసుకుని మురిసి, భార్య భాగ్యమ్మగారికి కూడా బంగారంది చేయించారు. ఈసారి ల్యాబుకి వెళ్ళి కూర్చోలేదు, జేబులో తేలేదు. మా మీద నమ్మకం కుదిరిందట. క్యాప్ క్లినిక్‌కి వచ్చింది, బొట్టు పెట్టించుకుంది, నేను లేను. తేజ పెట్టాడు. ఆ వారంలోనే భాగ్యమ్మగారు సీతాఫలం తింటూ మింగేశారు. గింజలన్నీ జాగ్రత్తగా ఉమ్మి, క్యాప్ మింగారు.

నేను తిరిగి వెళ్ళిన రోజు ఇద్దరూ వచ్చారు.

"పరేషాన్ గాకు డాక్టరమ్మా," అన్నారు ఎల్లేశంగారు. "దవాఖానల ఫోటో తీసిన్రు. పొట్టల దీపం లెక్క మెరుస్తున్నది. అదే వస్తది పోండ్రి అన్నరు. ఇంటికాడ కావలి కూసున్న."

"ఏందో నేను కోడిని, గుడ్డు పెడ్త అన్నట్టు," అన్నారు భాగ్యమ్మగారు.

ఎల్లేశంగారు జేబులోంచి కాగితం పొట్లం తీశారు. "దొరికింది. మంచిగ కడిగిన. మళ్ళ పెట్టు."

"నా నోట్ల పెడితే నిన్ను కొరుకుత!"

గదంతా నవ్వింది. తేజ కూడా. నేను నవ్వలేదు. కడుపులోకి పోయింది కాబట్టి కథ అయింది. ఇంకో గొట్టంలోకి పోయుంటే ఆవిడ అక్కడ కూర్చుని భర్తని తిడుతూ ఉండేది కాదు.

మరునాడు పుణ్యవతిగారి క్యాప్ పెట్టాలి. ఆవిడే పళ్ళెంలో పెట్టుకుని తెచ్చారు. సొంత పన్ను కదా, బొట్టు కాస్త పెద్దదే పెట్టుకున్నారు. పన్ను ఆరబెట్టి, బుగ్గల్లో దూది పెట్టాను. తర్వాత, ఆవిడ చూస్తుండగా, స్పిరిట్ దూది తీసి క్యాప్ లోపల తుడిచాను. దూది ఎర్రబడింది. ఇంకో దూది తీసి మళ్ళీ తుడిచాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అనబోయారు. సిమెంటు వేసి క్యాప్ కూర్చోబెట్టి, "గట్టిగా కొరికి పట్టుకోండి. నేను చెప్పేదాకా నోరు తెరవద్దు" అన్నాను.

సంయుక్తా, ఎదుటి మనిషి మధ్యలో మాట్లాడలేరని తెలిసి నేను మాట్లాడటం అదే మొదటిసారి. ఎంత బాగుంటుందో నువ్వెప్పుడూ చెప్పలేదు.

అంతా చెప్పాను. నెయ్యి, నీ మెషీను, ఎక్స్‌రే గది. ఎల్లేశంగారిది ఎందుకు ఊడలేదో. భాగ్యమ్మగారిది ఎందుకు ఊడిందో. "మీకు చెప్తే మీరు నాకు అన్నం పెట్టరేమోనని భయపడ్డానండి" అని కూడా చెప్పాను. అది చెప్పాలనుకోలేదు.

సిమెంటు గట్టిపడింది. నేను ఆపలేదు. ఆవిడ కొరికి పట్టుకునే ఉన్నారు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చివరికి దూది తీశాను.

"భాగ్యమ్మ మింగింది నా బొట్టునా?"

"అవునండి."

"ఆ వెంకట్ కాఫీలో పడింది?"

"అదీ అంతేనండి."

కొత్త పన్నుని నాలుకతో తడుముకున్నారు.

"గుంటూరులో కూడా పెట్టేదాన్నమ్మా," అన్నారు మెల్లగా. "ఒక్కరోజు మానలేదు. అక్కడ ఆయన్ని ఊడుపుల డాక్టరనేవాళ్ళు. ఆ మాట పడలేకే ఊరు మారాం. ఆయన కారం అంటే, కాబోలనుకున్నాను."

నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూశారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. ఆవిడ నవ్వుతుంటే నేను క్యాప్ వైపే చూస్తున్నాను. ఆగింది.

తర్వాత మెడలో టవలుతోనే బయటి గదిలోకి వెళ్ళారు. పేషంట్లున్నారు, తేజ ఉన్నాడు, గది తాళాలు ఇవ్వడానికి వచ్చిన వెంకట్ ఉన్నాడు.

"ఏవండీ. మీ క్యాప్‌లు ఊడగొట్టింది నేను. గుంటూరు నుంచీ నేనే. అమ్మవారు కాదు, కారం కాదు. ఈ పిల్ల ఇన్నాళ్ళూ చాటుగా తుడిచి మీ పరువు నిలబెట్టింది."

డాక్టరుగారు కూర్చున్నారు. ఆయన మొహంలో కోపం వస్తుందేమోనని చూశాను. వేరే ఏదో వచ్చింది. "అంటే," అన్నారు, "నా చెయ్యి మొదటినుంచీ బాగానే ఉందన్నమాట."

పుణ్యవతిగారు నా వైపు తిరిగి "విన్నావా? ఆయన విన్నది అదొక్కటే" అన్నారు.

అప్పుడు నేను అన్నాను: "కొత్త కుర్చీ నాకు కావాలండి. నాకే ఇస్తానన్నారు."

గదిలో అందరికీ వినబడింది. నాకు కూడా వినబడింది. వెంకట్ తాళాలు ఎవరి చేతికివ్వాలా అని ఒక్క క్షణం చూసి, నా చేతికిచ్చాడు. డాక్టరుగారు తేజని చూశారు, భాగ్యమ్మగారి పేరున్న కార్డుని చూశారు, "సరే, ఇంకేం" అన్నారు.

సోమవారం నుంచి కొత్త గది. పుణ్యవతిగారు రిసెప్షన్‌కి నాతో వచ్చేస్తున్నారు. "ఆ మామా అల్లుళ్ళు ఇక్కడ ఒకరి చెయ్యి ఒకరు మెచ్చుకుంటూ కూర్చుంటారు" అన్నారు. భాగ్యమ్మగారికి కొత్త క్యాప్ నేనే పెట్టాను. పాతదాంతో ఎల్లేశంగారు ఉంగరం చేయించుకున్నారు. ఈ ఊరు వస్తే ఆయనకి దూరం నుంచి నమస్కారం పెట్టు, చాలు.

బొట్టు మానలేదు. ల్యాబు నుంచి వచ్చిన డబ్బాకి, మూత మీద పెడుతున్నారు. అయితే ఒక్క మూతకి ఎంతని? కుందిలో నెయ్యి మిగిలిపోతోంది. పారబోయడానికి ఆవిడకి మనసొప్పదు. అందుకని రోజూ పొద్దున్నే నా నుదుటన పెడుతున్నారు. నెయ్యి కదా, ఎండెక్కేసరికి కరిగి మాస్కు మీదికి కారుతుంది. కుర్చీలో పడుకున్నవాళ్ళు రక్తం అనుకుని, చెప్పకుండానే నోరు పెద్దగా తెరుస్తున్నారు.

సిస్టర్ ఫిలొమినా చూస్తే తడిగుడ్డ తెచ్చేది. నేను తుడుచుకోవట్లేదు. ఇది జారితే ఎవరి కడుపులోకీ పోదు.

రసజ్ఞ